రెండో అడుగుకు అనుమతి అక్కర్లేదు

నల్లగుట్టపేటలో కొత్తగా ఏదీ మొదలుపెట్టకూడదని మున్సిపాలిటీవారు నిర్ణయించిన ఏడాది, చివరి కొన్నాళ్ళు తీసేస్తే వ్యాపారపరంగా నాకు చాలా మంచి ఏడాది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే నేను ఆ నిబంధన మీద కోపంతో ఇదంతా చెబుతున్నానని మీరు అనుకోవచ్చు. నాకు కోపం లేదు. కోపం వల్ల ఏ సరుకూ కదలదు.

నా పేరు చెన్నకేశవ శెట్టి. పాత గోనె సంచుల వ్యాపారం. ఒకరు వాడి పడేసిన సంచిని తక్కువకు కొని, దులిపించి, చిరుగులు కుట్టించి, ఇంకొకరికి ఎక్కువకు అమ్మడం నా పని. స్నేహమైనా, శత్రుత్వమైనా, చావింట్లో పలకరింపైనా ఎంత పెట్టాను, ఎంత తిరిగొచ్చింది అనే చూసుకుంటాను. ఇట్లా చూసుకునేవాడికి నిద్ర బాగా పడుతుంది.

మున్సిపాలిటీకి డెబ్భై ఐదేళ్ళు నిండాయని ఉత్సవం చేశారు. మా ఊళ్ళో పుట్టి, పట్నంలో అర్థశాస్త్రం చెప్పే ఆచార్య దక్షిణామూర్తిగారిని ఉపన్యాసానికి పిలిచారు. విషయం: ఆర్థిక ఆలోచనల చరిత్ర. జనం బాగానే వచ్చారు. ఉపన్యాసం తర్వాత ఉగ్గాని, బజ్జీ ఉందని ముందే దండోరా వేయించారు.

ఆచార్యులవారు లేచి, "మీ బస్టాండు ఊరికి రెండు మైళ్ళ దూరాన, గుట్ట వెనక ఎందుకుందో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

ఎవరికీ తెలియదు. పుట్టినప్పటినుంచీ అక్కడికి నడుస్తున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు.

"మా తాత చెప్పాడు నాకు. ఈ ఊరికి వచ్చిన మొట్టమొదటి బస్సు అక్కడ పంచరైంది. డ్రైవరు దిగి, బండ నీడన కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళు నడుచుకుంటూ పోయి అక్కడే ఎక్కారు. మర్నాడు బస్సు బాగానే ఉంది. కానీ జనం నిన్న ఎక్కిన చోటే నిలబడ్డారు. జనం ఉన్నారని డ్రైవరు ఆపాడు. బస్సు ఆగుతోందని ఒకాయన టీ కొట్టు పెట్టాడు. టీ కొట్టుందని షెడ్డు వేశారు. తర్వాత డిపో, లాడ్జి, పోలీసు అవుట్‌పోస్టు. ఇప్పుడు దాన్ని ఊళ్ళోకి తేవాలంటే ఊరు కట్టినంత ఖర్చు. అందుకని ఊరే రోజూ నడిచి వెళుతోంది. తొలి అడుగు పొరపాటున పడినా సరే, దాని మీద ఇంకో నాలుగు అడుగులు పడితే అదే దారవుతుంది."

జనం నవ్వారు. ఆయన తన చదువును కూడా వదల్లేదు. "మా శాస్త్రంలో ఒక అధ్యాయం తప్పని నాకు తెలుసు. మా గురువుగారికీ తెలుసు. ఆయనకు వాళ్ళ గురువు చెప్పాడు కాబట్టి నాకు చెప్పారు. నేనూ ఏటేటా చెబుతున్నాను. పరీక్షలో ప్రశ్న దాంట్లోంచే వస్తుంది, పిల్లలు గైడ్లు కొనేసుకున్నారు. ఆలోచనలకూ బస్టాండు ఉంటుంది." అని కూర్చున్నారు.

ఆయన చెప్పింది అంతే. కమిషనర్ మార్తాండరావుగారు మాత్రం నవ్వలేదు. ఆయన ఊరికి కొత్త. తన పేరు నిలిచే పని ఒకటి కావాలని వెతుక్కుంటున్నారు.

"అంటే ఆ డ్రైవరును ఆ రోజే ఎవరైనా బాధ్యత గల అధికారి ఆపి, 'నువ్విక్కడ పంచరు వేసుకుంటే వందేళ్ళకు ఏమవుతుందో ఆలోచించావా' అని అడిగి ఉంటే ఈ నష్టం తప్పేదన్నమాట" అన్నారు.

ఆచార్యులవారు అది హాస్యమనుకుని నవ్వారు. ఆ నవ్వును కమిషనర్‌గారు ఆమోదంగా తీసుకున్నారు.

నెల తిరక్కుండా 'తొలి అడుగు పరిశీలనా మండలి' ఏర్పడింది. బస్టాండు దాకా మైకు పెట్టిన జీపు తిరిగి ఉత్తర్వు చదివింది. "పట్టణ పరిధిలో ఏ వ్యక్తిగాని, సంస్థగాని, ఏ కార్యమునైనను ప్రారంభించదలచిన యెడల, సదరు కార్యము రాబోవు నూరు సంవత్సరములలో కలిగించగల పర్యవసానములను నివేదించి మండలివారి ముందస్తు అనుమతి పొందవలెను. అనుమతి లేక ప్రారంభించినవారికి జరిమానా విధించి, తాళము వేయబడును. ఇదివరకే ప్రారంభమైన కార్యముల కొనసాగింపునకు ఈ నిబంధన వర్తించదు."

అందరూ మెచ్చుకున్నారు. ఎవరి పని వాళ్ళది అప్పటికే నడుస్తోంది. ఆగిపోయేది పక్కవాడి కొత్త పనే గదా అని ఎవరికి వారు సంతోషించారు.

మండలికి కార్యదర్శిగా నిత్యానందంగారిని వేశారు. అంతకుముందు ఆయన జనన మరణాల విభాగంలో ఉండేవారు. అక్కడ మరణాల నమోదుకు ఆయన ఎవరినీ తిప్పుకునేవారు కాదు. జననాల దగ్గరే ప్రశ్నలెక్కువ. తగిన మనిషినే వేశారని ఊళ్ళో అనుకున్నారు.

సుంకులమ్మ సంగతి చెప్పాలి. నా గోడౌన్లో సంచుల చిరుగులు కుట్టేది. ఇరవై ముప్పై ఏళ్ళు కుట్టి ఉంటుంది. ప్లాస్టిక్ సంచులు వచ్చి కుట్టుపని తగ్గిపోయాక, ఇక రావద్దని చెప్పాను.

"నువ్వు మాన్పకపోయినా నేనే మానేసేదాన్ని శెట్టీ. నీ గోడౌన్ దుమ్ముకు నా గొంతు పోయినాది" అంది. పోతూ పోతూ ఒక దబ్బనం కూడా పట్టుకుపోయింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. అడిగితే ఇంకా నాలుగు మాటలు పడాలి. దబ్బనం ధరకు అన్ని మాటలు గిట్టుబాటు కావు.

ఆమె రెండు బర్రెలను అమ్మి, మార్కెట్ యార్డు గేటు దగ్గర ఒక రేకుల షెడ్డు వేలంలో పాడుకుంది. శెనక్కాయల సీజన్లో యార్డు నిండా హమాలీలు. వాళ్ళకు దగ్గర్లో తిండి దొరకదు. సంగటి, ఊరుబిండి, పప్పు పెడితే హోటలు నడుస్తుందని ఆమె అంచనా. అంచనా సరైనదే, నేను కూడా వేసి చూశాను. యార్డువాళ్ళ షరతు ఒక్కటే. సరుకు రావడం మొదలైన రోజు పొయ్యి వెలగాలి. వెలగకపోతే షెడ్డు తర్వాతి పాటగాడికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. అంటే బర్రెలూ పోయినట్టే, షెడ్డూ పోయినట్టే. మిగిలేది దబ్బనం.

మండలి ముందు హాజరు కావడానికి తోడు రమ్మంటే వెళ్ళాను. మండలి ఎట్లా పనిచేస్తుందో చూసి పెట్టుకోవడం నాకూ అవసరమే.

నిత్యానందంగారి పక్కన ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. వాళ్ళ పని తల ఊపడం.

"ఏమి ప్రారంభించదలచితివి?"

"సంగటి హోటలు సామీ."

"సంగటి వలన నూరేళ్ళ తరువాత ఏమగును?"

"నూరేళ్ళదాకా ఏముంటాది సామీ, సాయంత్రానికే అరిగిపోతాది."

"హాస్యము వలదు. నీ హోటలులో తిని తిని హమాలీలకు సంగటి అలవాటగును. వారి పిల్లలకు, మనుమలకు అలవాటగును. రేపు ఇడ్లీ తినదలచు భావితరముల స్వేచ్ఛను నీవు ఈ దినముననే హరించుచున్నావు గదా?"

"ఇడ్లీ కావాల్సినోళ్ళు ఇడ్లీ తింటారు. నేనేమన్నా వాళ్ళ నోరు పట్టుకుంటానా?"

"నమోదు చేయడమైనది. భావితరముల నోరు పట్టుకొనబోనని అభ్యర్థిని హామీ ఇచ్చినది." సభ్యులు తల ఊపారు. "గంటె ఏ చేతితో తిప్పెదవు?"

"ఎడమ చేతితో. నాది ఎడమచేతి వాటం."

సభ్యులు తల ఊపడం ఆపారు. నిత్యానందంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది తీవ్రమైన విషయము. నిన్ను చూచి నేర్చుకొనువారు ఎడమ చేతితో తిప్పుదురు. వారిని చూచి మరి కొందరు. చివరకు ఈ పట్టణమున గంటెలన్నియు ఎడమవైపు తిరుగును. నిపుణుల అభిప్రాయము కోరవలసియున్నది. దరఖాస్తు పరిశీలనలో ఉంచడమైనది."

"ఎన్ని దినాలు సామీ?"

"నూరేళ్ళ విషయమును నాలుగు దినములలో తేల్చుట సాధ్యమా?"

బయటికి వచ్చాక సుంకులమ్మ, "శెట్టీ, నా చేతిని నిపుణులు చూస్తారంట. చెయ్యి ఇచ్చిపోవాల్నా, మళ్ళీ తీసుకురావాల్నా?" అంది. నేను అప్పటికే ఉత్తర్వులోని చివరి వాక్యం గురించి ఆలోచిస్తున్నాను. ఇదివరకే ప్రారంభమైన కార్యముల కొనసాగింపునకు ఈ నిబంధన వర్తించదు. ఊరంతా మొదటి వాక్యం చూసి బాధపడుతోంది. నాకు ఆ చివరి వాక్యంలో గోనె సంచి వాసన తగిలింది. కొత్తది అమ్మకూడదంటే, పాతదానికి గిరాకీ వస్తుంది.

నా గోడౌన్ పక్కన దస్తగిరి సైకిళ్ళు బాగుచేస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఫొటో స్టూడియో పెట్టాడు. ఒక్క ఫొటో తీశాక కెమెరా చెడిపోయింది. స్టూడియో ఆ రోజే మూతపడింది.

"దస్తగిరీ, నీ స్టూడియో నాకు అమ్మురా" అన్నాను.

"ఏ స్టూడియో శెట్టన్నా?"

"నువ్వు మొదలుపెట్టి వదిలేసిందే."

"అది యాడుంది అమ్మడానికి? ఒక్క ఫొటో తీసినా. అదీ మా మామది. తలకాయ రాలే."

"ఆ ఫొటో ఉందా?"

"మామ పోయినాడు. ఫొటో ఉండాది."

కొన్నాను. ఆ వారమే దాన్ని సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలనుకుంటున్న ఒక కుర్రాడికి అమ్మాను. ఫోన్లో కెమెరా ఉంటుంది కాబట్టి అది ఫొటో స్టూడియో కొనసాగింపే. నిత్యానందంగారు రుజువు అడిగితే దస్తగిరి మామ ఫొటో చూపించాం. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, "ప్రారంభము జరిగినట్లు స్పష్టముగా తెలియుచున్నది. తల లేకపోవుట కొనసాగింపునకు ఆటంకము కాజాలదు" అని ముద్ర వేశారు.

ఆ ముద్రతో మా ఊళ్ళో కొత్త వ్యాపారం పుట్టింది. పుట్టింది అనకూడదు, అది కూడా నా పాత సంచుల వ్యాపారానికి కొనసాగింపే.

మొదలుపెట్టి వదిలేసినవాళ్ళకు మా ఊళ్ళో అంతకుముందు గౌరవం ఉండేది కాదు. ఏ పనీ నిలకడగా చేయడని తిట్లు తిన్నవాళ్ళంతా ఇప్పుడు ఆస్తిపరులయ్యారు. అక్షరాలు నేర్పుతానని పిల్లల దగ్గర జీతం తీసుకుని పారిపోయిన ఒక పంతులు ఆరంభం మీద ఇంగ్లీషు మీడియం స్కూలు లేచింది. కుస్తీల గోదా తవ్వి, రాళ్ళు తగిలి మానేసినవాడి ఆరంభం మీద జిమ్ము వచ్చింది. ఒక దొంగ తన దొంగతనం వాళ్ళ నాన్నదానికి కొనసాగింపేనని మండలికి రాసుకున్నాడు. మండలి ఒప్పుకుంది. పోలీసులే ఒప్పుకోలేదు.

తర్వాత పెళ్ళిళ్ళ దగ్గరికి వచ్చింది. మేనరికమైతే ఇబ్బంది లేదు, ఉన్న చుట్టరికం కొనసాగింపే. బయటి సంబంధమైతే తొలి అడుగు. అందుకని మధ్యవర్తులు జాతకాలతోపాటు పాత ఆరంభాలు కూడా వెతికేవాళ్ళు. పెళ్ళికొడుకు తాత ఒకసారి పెళ్ళికూతురి వీధిలో మంచినీళ్ళు అడిగాడని సాక్ష్యం దొరికితే లగ్నం పెట్టుకునేవాళ్ళు. అట్లాంటి సాక్ష్యాలు కూడా నా దగ్గర దొరికేవి.

ఆరంభం వంటి సరుకు నేను జీవితంలో చూడలేదు. ఎలకలు కొట్టవు. చెమ్మ తగలదు. తూకంలో తరుగు రాదు. ఎంత కొన్నా గోడౌన్ ఖాళీగానే ఉంటుంది. ఉన్న సొమ్మంతా దాంట్లోనే పెట్టాను. నన్ను చూసి ఇంకొందరు పెట్టారు. మండలి ఆఫీసు ఎదురుగా ఆరంభాల ఏజెంట్లు బల్లలు వేశారు. మండలి ప్రశ్నలకు జవాబులు నేర్పే కోచింగ్ సెంటరు కూడా వచ్చింది. అది ఏ ఆరంభం మీద వచ్చిందో చెప్పను. సరుకు నాదే.

సుంకులమ్మ ఒక రోజు గోడౌన్‌కి వచ్చింది. సీజను దగ్గరపడుతోంది.

"హోటలు మొదలు ఒకటి నీ కాడ ఉందంట. దస్తగిరి చెప్పినాడు."

ఉంది. ఇద్దరు అన్నదమ్ములు హోటలు తెరిచి, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలని కొట్టుకుని, మొదటి ఇడ్లీ ఉడకకముందే మూసేశారు. ఆ ఆరంభం నాదే. కానీ హోటలు ఆరంభాలకు అప్పుడు గిరాకీ ఎక్కువ. పట్నం నుంచి ఒక బిర్యానీ కంపెనీ దానికోసమే రెండుసార్లు మనిషిని పంపింది. నేను ధర చెప్పాను.

"పొయ్యి రాజేయడానికి ఇంతనా? కట్టెలు నావి. పిండి నాది. చేతులు నావి. నువ్వేమిస్తాండావు?"

"మొదలు ఇస్తున్నా గదా."

"యాడుండాది, చూపియ్యి."

"అది కనపడే సరుకు కాదు సుంకులమ్మా."

"కనపడనిదాన్ని దేవుడే ఉత్త పున్యానికి ఇస్తాండాడు. నువ్వు దేవునికంటే పెద్ద కొట్టు పెట్టినావే."

"సీజను గడిస్తే ధర దిగుతుంది. అప్పుడు సగానికే ఇస్తాను."

"సీజను గడిచినాక హోటలు ఎవురికి? శెనక్కాయ పొట్టుకు సంగటి పెట్టాల్నా?"

వెళ్ళిపోయింది. నేను అన్యాయమేమీ అడగలేదు. గిరాకీ పెరిగే సరుకును ముందే తగ్గించి అమ్మేవాణ్ణి మా మండీలో మంచివాడని ఎవరూ అనరు, పిచ్చివాడని అంటారు.

ఆ రోజుల్లోనే ఆచార్య దక్షిణామూర్తిగారు మళ్ళీ ఊరికి వచ్చారు. సెలవుల్లో అక్కయ్య ఇంట్లో కూర్చుని ఒక పుస్తకం రాసుకుందామని వచ్చారట. రాయడం మొదలుపెట్టాలంటే మొదటి వాక్యానికి అనుమతి తీసుకోవాలని నిత్యానందంగారు మనిషిని పంపి చెప్పించారు. రెండో అధ్యాయం నుంచి రాసుకుంటే అభ్యంతరం లేదన్నారు.

ఆచార్యులవారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కమిషనర్ దగ్గరికి వెళ్ళారు. "నేను ఒక జబ్బు లక్షణాలు చెప్పాను. మీరు దాన్ని మందుల చీటీ అనుకున్నారు" అన్నారట.

నిజం చెప్పాలంటే, కమిషనర్‌గారు అప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఆయనకు పక్క జిల్లాకు బదిలీ అయింది. కొత్త ఉద్యోగంలో చేరడం తొలి అడుగు అవుతుందని మండలి ఆయనను వదల్లేదు. అందుకని మండలిని రద్దు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు. మున్సిపల్ హాల్లో బహిరంగ విచారణ పెట్టారు.

హాలు నిండిపోయింది. నిత్యానందంగారు లేచారు.

"మండలి రద్దు అనునది ఈ పట్టణమున ఇదివరకు ఎన్నడును జరిగియుండలేదు. కావున అది తొలి అడుగు. తొలి అడుగుకు మండలి అనుమతి అవసరము. రద్దు చేయుట ఒకసారి అలవాటైన ప్రభుత్వము నూరేళ్ళలో దేనినైనను రద్దు చేయును. పింఛనులను రద్దు చేయును. సెలవులను రద్దు చేయును. కావున సదరు ప్రతిపాదనను పరిశీలనలో ఉంచడమైనది."

పింఛను మాట వినగానే హాల్లో ఉద్యోగులంతా మండలి వైపు తిరిగారు. కమిషనర్‌గారు ఒక కొనసాగింపు దొరుకుతుందేమోనని నా వైపు చూశారు. "శెట్టిగారూ, మీ దగ్గర రద్దుల ఆరంభం ఏదైనా ఉందా? ఎప్పుడో దేన్నో రద్దు చేయబోయి మానేసినది?"

"రద్దులు మేము పెట్టమండీ. కదిలే సరుకు కాదు" అన్నాను.

తర్వాత ఏజెంట్లు, కోచింగ్ సెంటరువాళ్ళు, జిరాక్సువాళ్ళు, ఆరంభాలు కొనుక్కుని దుకాణాలు తెరిచినవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. డబ్బు పోసి కొన్నాం, ఇప్పుడు ఊరికే అందరినీ తెరవనిస్తే మేమేం కావాలని అడిగారు. అందరి తరఫున అర్జీ నేనే ఇచ్చాను. రద్దు ఆగిపోయింది.

మెట్ల మీద ఆచార్యులవారు నన్ను ఆపారు.

"మీరు తెలివైనవారు శెట్టిగారూ. ఇది మంచి పద్ధతేనని మీరు నమ్ముతున్నారా?"

"మంచో చెడో నాకెందుకు స్వామీ? సరుకుంది నా దగ్గర."

ఆయన జేబులోంచి కలం తీశారు. "నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నది ఇదే. ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను. ఈ మాట నా పుస్తకంలో పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి. రెండో వాక్యంగా పెట్టండి. అనుమతి అక్కర్లేదు."

సీజను మొదలయ్యే ముందు రోజు యార్డుకి వెళ్ళాను. సరుకు లారీలు తెల్లారి వస్తాయని కబురొచ్చింది. సుంకులమ్మ షెడ్డు ముందు కూర్చుని పెద్ద డేగిసా తోముతోంది. పొయ్యికి మూడు రాళ్ళు, పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి.

"అనుమతి వచ్చిందా?" అన్నాను.

"నా చెయ్యి ఇంకా నిపుణుల కాడే ఉండాది."

"మరి ఈ డేగిసా ఎందుకు?"

"తోముకుంటే తప్పా?"

నేను పక్కన కూర్చున్నాను. "సుంకులమ్మా, తొందరపడొద్దు. బిర్యానీవాళ్ళతో నా బేరం ఇంకో పదిరోజుల్లో తెగుతుంది. తర్వాత నీకు ఏదో ఒక చిన్న ఆరంభం నేనే చూసిపెడతాను. అప్పుకు ఇస్తాను."

"రేపు పొయ్యి వెలగకపోతే షెడ్డు పోతాది గదా శెట్టీ."

"షెడ్డు ఇంకొకటి దొరుకుతుంది."

"బర్రెలు?"

ఆమె డేగిసా బోర్లించి, అడుగున మసి గోకడం మొదలుపెట్టింది. "నువ్వు మంచోడివే శెట్టీ. నీ సరుకే మంచిది కాదు. లెయ్యి, పక్కకు జరుగు, నీళ్ళు పడతాయి" అంది.

తెల్లారి లారీలు వచ్చాయి. పొయ్యి వెలిగింది. పొగ యార్డు దాటి మండలి ఆఫీసు కిటికీ దాకా పోయింది. హమాలీలు మూటలు దించి వచ్చి, వరసగా కూర్చుని తిన్నారు. ఎవరి నోరూ ఎవరూ పట్టుకోలేదు. గంటె ఎడమవైపు తిరిగింది.

నిత్యానందంగారు ఇద్దరు బంట్రోతులతో వచ్చేసరికి డేగిసా సగం ఖాళీ అయింది. నేనూ వెళ్ళాను. ఆమె పొయ్యి ఆరితే చూడాలని ఎందుకు అనుకుంటాను? నా సరుకు సంగతి తెలుసుకోవాలి గదా.

"అనుమతి లేక తొలి అడుగు వేసితివి. నేరమును ఒప్పుకొనుచున్నావా?"

"వేసినా సామీ. ఆకలి మీదుండారు, ఆగరు."

ఆయన జరిమానా రసీదు రాశారు. ఆమె గల్లాలోంచి తీసి కట్టింది. రసీదు తడవకుండా షెడ్డు ముందున్న కడ్డీకి గుచ్చింది. "రేపు వచ్చి తాళము వేసి, లక్కముద్ర వేయించెదను" అని ఆయన వెళ్ళారు. లక్క ఆఫీసులో అయిపోయిందట.

మర్నాడు ఆయన తాళం, లక్క, కొవ్వొత్తి అన్నీ తెచ్చుకుని వచ్చారు. సుంకులమ్మ రెండో డేగిసా పొయ్యి మీద పెట్టింది. హమాలీలు తినడం ఆపి చూస్తున్నారు. నేను కొంచెం ముందుకొచ్చి నిలబడ్డాను.

ఆయన ఉత్తర్వు తీసి గట్టిగా చదవసాగారు. "నిన్నటి దినమున నీవు చేసినది తొలి అడుగు. అందుకు జరిమానా చెల్లించితివి. ఈ దినమున నీవు చేయుచున్నది..."

ఆగారు. పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. ఆయన మనసులో ఏం జరుగుతోందో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. ముందుకొచ్చినవాణ్ణి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఈ దినమున నీవు చేయుచున్నది కొనసాగింపు" అన్నారాయన చాలా నెమ్మదిగా.

"అంటే ఏంది సామీ?"

"నిబంధన వర్తించదు." ఆయన చేతిలో తాళం వైపు చూసుకున్నారు. "పైగా నడుచుచున్న హోటలునకు తాళము వేయుట మండలి ఇదివరకు ఎన్నడును చేసియుండలేదు. నేను వేసినచో అది నా తొలి అడుగు అగును." కొవ్వొత్తి మీద పట్టుకున్న లక్క కరిగి ఆయన చెప్పు మీద పడింది. ఆయన కదల్లేదు. నిజాయితీపరుడు. తన నిబంధనను తానే మీరే మనిషి కాదు.

సుంకులమ్మకు జాలేసింది. "రా సామీ, తిందువు. పొద్దున్నే వచ్చినావు."

"ఇక్కడ తినుట నాకు తొలి అడుగు."

"ఇంట్లో తినవా?"

"తినెదను."

"అట్లయితే ఇంట్లో తిన్నట్టే కూర్చో. కొనసాగుతాది."

ఆయన కూర్చున్నారు. రెండో ముద్ద కూడా అడిగి వేయించుకున్నారు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. ఒక్క రోజు జరిమానా కట్టుకుంటే, రెండో రోజునుంచి ఎవరూ అడిగేది లేదు. జరిమానా నేను అమ్మే ఆరంభం ధరలో వందో వంతు కూడా ఉండదు. సాయంత్రానికి మూతపడి ఉన్న తలుపులన్నీ తెరుచుకున్నాయి. బిర్యానీ కంపెనీ మనిషి ఫోనెత్తడం మానేశాడు. అన్నదమ్ముల ఇడ్లీ, పంతులు అక్షరాలు, గోదాలో రాళ్ళు, ఎవరెవరి తాతలో అడిగిన మంచినీళ్ళు అన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఎలకలు కొట్టని సరుకు. అదే దాని లోపమని అప్పుడు తెలిసింది. ఎలకలు కొట్టినట్టయితే కనీసం కొంత తరుగు రాసుకునేవాణ్ణి.

ఆ తర్వాత జరిగినదాన్ని ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తేలలేదు. జరిమానా అందరూ కట్టారు. కట్టిన రసీదును సుంకులమ్మలాగే గుమ్మం ముందు కడ్డీకి గుచ్చారు. ఆమె హోటలు బాగా నడుస్తోంది కాబట్టి, ఆ రసీదులో ఏదో కలిసొచ్చిందని జనానికి నమ్మకం. కొత్త దుకాణం తెరిచేవాళ్ళు మామిడి తోరణం కట్టి, కొబ్బరికాయ కొట్టి, నిత్యానందంగారిని పిలిచి జరిమానా వేయించుకోవడం మొదలుపెట్టారు. శుభలేఖల్లో 'శ్రీ నిత్యానందంగారి అమృతహస్తములతో జరిమానా' అని వేయించారు. పురోహితులు ముహూర్తం ఆయన ఖాళీని చూసి పెడుతున్నారు. రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది, మండలి చెల్లదని, నిబంధన చెల్లదని. ఎవరూ పట్టించుకోలేదు. నిత్యానందంగారు రిటైరయ్యారు. అయినా ఆయన రాకపోతే తలుపు తీయరు. ఒక దర్జీ జరిమానా లేకుండా దుకాణం తెరిస్తే, ఒక్క జాకెట్టు కుట్టించుకోవడానికి కూడా ఎవరూ వెళ్ళలేదు. మూడు నెలలకు మూసేసి, జరిమానా వేయించుకుని మళ్ళీ తెరిచాడు.

నేను పోయిన నెల యార్డు ఎదురుగా ఎరువుల దుకాణం పెట్టాను. నష్టం పూడ్చుకోవాలి గదా. పిలవాల్సినవాళ్ళందరినీ పిలిచాను. తోరణం కట్టాం. గుమ్మడికాయ సిద్ధంగా ఉంది. నిత్యానందంగారికి ఆ రోజు మూడు జరిమానాలున్నాయట. ఆలస్యమైంది. ఎండెక్కింది. రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చి, తలుపు మూసి ఉండటం చూసి, రోడ్డవతల ఉన్న ఇంకో ఎరువుల దుకాణం వైపు చూడసాగారు.

సుంకులమ్మ వచ్చింది. చేతికి సంగటి అంటుకుని ఉంది.

"ఏం శెట్టీ, తలుపు తియ్యవేం?"

"నిత్యానందంగారు రావాలి. జరిమానా వేయాలి."

"ఎందుకు?"

ఎందుకో నాకు తెలియదు. నిబంధన లేదు, మండలి లేదు, ఆయనకు ఉద్యోగం లేదు. అన్నీ తెలిసే నిలబడ్డాను. "అందరూ వేయించుకుంటున్నారు గదా" అన్నాను.

"గిరాకీ పోతాంది సూడు." రైతుల్లో ఒకడు అప్పటికే రోడ్డు దాటుతున్నాడు.

"పోనీ. జరిమానా లేకుండా తెరిస్తే ఇంకా ఎక్కువ పోతుంది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నా ఎసరు పొంగుతాంటాది. నేను పోతాండా" అని వెళ్ళిపోయింది.

నేను తోరణం కింద, తాళంచెవి చేతిలో పట్టుకుని, జరిమానాకు చిల్లర సరిచూసుకుంటూ నిలబడ్డాను. రెండో రైతు కూడా రోడ్డు దాటాడు.